కంచం ఖాళీ అయ్యాక మాట్లాడదాం

తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరు కడుపున పుట్టడం ఏమంత తేలిక కాదు. ఆ ఇంట్లో పాలవాడు పోసే పాలనుంచి పిల్లలు చెప్పే సాకులదాకా అన్నీ తూకానికి నిలబడాల్సిందే. పొద్దున్నే సంచీలో ఇత్తడి రాళ్ళు వేసుకుని ఆయన బజారులో అడుగుపెడితే, కూరగాయల బండివాడినుంచి నగల కొట్టాయన దాకా అందరూ గబగబా త్రాసులు తుడుచుకునేవారు. ఒక త్రాసు పనికిరాదని ఆయన సీలు వేశాడంటే వేసినట్టే. కాళ్ళావేళ్ళా పడినా ఆ సీలు ఊడదు. ఆయన మాటా అంతే, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం లేదు.

అలాంటి మనిషి రేపు పొద్దున గడియారాల షాపాయనకు మాట ఇవ్వబోతున్నాడు. షాపాయన రెండో కొడుక్కి ఈయన చిన్నకూతుర్ని ఇవ్వడానికి. పిల్లవాడు బుద్ధిమంతుడు, నెమ్మదస్తుడు, వేళకు ఇల్లు చేరే రకం. అదే వచ్చిన చిక్కు. కాస్త చెడ్డవాడైనా బాగుండేది, వద్దనడానికి ఏదో ఒక వంక దొరికేది.

చిన్నమ్మాయి మనసు మాత్రం ఎప్పుడో వీధి చివరి ఇటాలియన్ హోటల్లో చిక్కుకుపోయింది. ఆమె ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు. ఆర్నెల్ల కిందట ఆ హోటలు కోల్డ్ రూము చల్లబడడం లేదని కబురొస్తే పనిముట్ల పెట్టె పట్టుకుని వెళ్ళింది. చల్లబరచడమైతే చల్లబరిచింది గానీ, తలుపు గొళ్ళెం బయటనుంచి పడిపోయింది. లోపల ఆమె, వంట చేసే కుర్రాడు, చుట్టూ బండి చక్రాలంత చీజ్ ముద్దలు. బాగుచేసింది తనే కాబట్టి చలి ఎక్కువగా ఉందని ఎవరిమీదా కేకలేయడానికి లేదు. అతను తన ఏప్రన్ విప్పి ఆమె భుజాల మీద కప్పి, పళ్ళు టకటకలాడుతుంటే ఒక్కో చీజ్ గురించీ చెప్పుకొచ్చాడు. ఆమె తనకు పుట్టగొడుగులంటే అసహ్యమనీ, తడిసిన మేజోళ్ళ వాసనొస్తాయనీ చెప్పింది. తలుపు తెరుచుకునేసరికి ఇద్దరి పెదాలూ నీలంగా ఉన్నాయి, ఇద్దరూ నవ్వుతున్నారు. ఆ తరవాత ఆ కోల్డ్ రూము తరచూ చెడిపోతూ వచ్చింది.

మరి ఈ సంగతి ఇంట్లో ఎందుకు చెప్పలేదంటారా? చెప్పడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతుంది.

ఆ ఇంటివాళ్ళకు రెండు నియమాలు. మొదటిది, కంచంలో పడింది వదలకూడదు. గింజ కూడా. ఇంట్లో ఇంకా తినని మనిషి ఉంటే వాడి వాటా మాత్రం తీసిపెడతారు, అంతకు మించి మిగులనేది ఉండకూడదు. రెండోది, కంచంలో తిండి ఉండగా పెద్ద మాట ఎత్తకూడదు. వెనకటికి తాతయ్య చేపముక్క నోట్లో పెట్టుకున్న సమయంలోనే ఎవరో "మేనత్త ఇల్లొదిలి వెళ్ళిపోయింది" అన్నారట. ముల్లు అడ్డంపడి ఆయన వారం రోజులు సైగలతోనే సంసారం నడిపాడు. అప్పటినుంచి ఏ మాటైనా కంచం ఖాళీ అయ్యాకే. నియమం తప్పి అడిగినదానికి నాన్న దగ్గర జవాబు ఒక్కటే, కాదు. ఆయన "కాదు" మీద కూడా సీలు ఉంటుంది.

అందుకని చిన్నమ్మాయి ఒక ఎత్తు వేసింది. నాన్న మనుషుల్ని చూసి తలూపే రకం కాదు. తిండి మాత్రం అబద్ధం చెప్పదని నమ్ముతాడు. ముందు కుర్రాడి వంట ఆయన కడుపులోకి వెళ్ళాలి, వెనకే కుర్రాడి సంగతి చెవిలోకి వెళ్ళాలి. ఉద్యోగం ఖాయమైంది, ఇవాళ రాత్రి అందరికీ నేను తినిపిస్తానని ఇంటిల్లిపాదినీ బయల్దేరదీసింది. మధ్యాహ్నమే వెళ్ళి కుర్రాడికి పాఠం చెప్పివచ్చింది.

"మా నాన్న నోటితో ఏదీ చెప్పరు, కంచంతో చెప్తారు. ఖాళీ చేశారా, నువ్వు నెగ్గినట్టు. ముక్క మిగిల్చారా, నన్ను మర్చిపో."

ఎత్తు బాగానే ఉంది. కానీ ఆ హోటలుకూ ఒక నియమం ఉందని ఆమెకు తెలియదు. తెలియడానికి ఆమె ఎప్పుడూ అక్కడ బల్ల దగ్గర కూర్చుని తిన్నది లేదు. కోల్డ్ రూము గుమ్మంలో నిలబడి తిన్నదే.

* * *

చెప్పుల షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ హోటలు. తలుపు తోస్తే గంట మోగుతుంది. లోపల అరడజను బల్లలు, వాటిమీద ఎరుపూ తెలుపూ గళ్ళ గుడ్డలు, సీసా మూతుల్లో గుచ్చిన కొవ్వొత్తులు. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో చిన్న కిటికీ, అందులోంచి ఆవిరీ, వెల్లుల్లి వాసనా, అప్పుడప్పుడూ కుర్రాడి తల.

యజమానురాలు ఎదురొచ్చింది. భారీ మనిషి, అంతకన్నా భారీ గొంతు. కుర్రాడికి తల్లి.

"రండి అన్నయ్యగారూ! రండి వదినగారూ! పెద్దమ్మగారూ, మెట్టు చూసుకోండి!"

అన్నయ్యగారూ, వదినగారూ! చిన్నమ్మాయికి ఒళ్ళు జలదరించింది. ఏ హోటలువాళ్ళు గిరాకీలను అలా పిలుస్తారు? అప్పుడే వియ్యంకురాలి వరసలోకి దిగిపోయిందావిడ. నాయనమ్మ చెవికి మాత్రం ఆ పిలుపు సూదిలా గుచ్చుకుంది. ఆవిడ ఒకసారి యజమానురాల్నీ, ఒకసారి మనవరాల్నీ చూసి, కుర్చీలో సర్దుకుంది.

నాన్న చూపు వంటింటి కిటికీ పక్కనున్న త్రాసు మీద పడింది.

"ఇది నేను సీలు వేసిన త్రాసే కదా?"

"అవునండీ, పోయినేడు. అప్పటినుంచి అలంకారానికి ఉంచుకున్నాం," అంది యజమానురాలు గర్వంగా.

ఆ త్రాసు కథ ఇంట్లో అందరికీ తెలుసు. అది మోసం చేసే మాట నిజమే గానీ, గిరాకీకి లాభంగా చేసేది. కిలో అడిగితే కిలో పైన గుప్పెడు ఎక్కువ తూచేది. ఇలాంటిదానికి సీలెందుకని బజారంతా అడిగితే, "ఎక్కువైనా తప్పు తప్పే" అన్నాడు నాన్న. ఆ రోజే అర్థమై ఉండాల్సింది ఈ హోటలు స్వభావం.

చివరి కుర్చీలో అన్నయ్య కూలబడ్డాడు. సిటీ బస్సు డ్రైవరు, పొద్దుటినుంచి స్టీరింగు తిప్పి వచ్చాడు. "కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఏదో ఒకటి త్వరగా తెప్పించవే," అన్నాడు.

పాపం, ఆ ఎలుకల్ని తరవాత వాడే తలుచుకున్నాడు.

మొదటి విడత పాస్తా వచ్చింది. నెయ్యి రంగు సాసు, పైన నల్లగా మెరిసే పుట్టగొడుగులు. అమ్మ కంచంలో, అన్నయ్య కంచంలో, నాయనమ్మ కంచంలో, నాన్న కంచంలో. చిన్నమ్మాయి కంచంలో మాత్రం ఒక్కటి కూడా లేదు. ప్రేమ చూపించడానికి వీడికి ఇదా సమయం? గబుక్కున పైనున్న తులసాకుల్లాంటి ఆకుల్ని అటూ ఇటూ జరిపి, లేని పుట్టగొడుగుల్ని దాచినంత పని చేసింది. తలెత్తేసరికి నాన్న ఆమె కంచం వైపే చూస్తున్నాడు. ఫోర్కు తీసుకున్నాడు.

తిన్నారు. బాగుంది. బాగుందంటే మామూలుగా కాదు, నాయనమ్మ కట్టుడుపళ్ళు సర్దుకుని మరీ తింది. నాన్న ఒక్కో చుట్టనూ తూచినట్టు తిప్పి, నోట్లో పెట్టుకుని, చివరికి రొట్టెముక్కతో సాసు కూడా తుడిచేశాడు. అద్దంలా మెరిసింది కంచం. కిటికీలో కుర్రాడి ముఖం దానికన్నా మెరిసింది.

చిన్నమ్మాయి గొంతు సవరించుకుంది. "నాన్నా, మీతో ఒక మాట..."

ఠప్పున పడింది కంచంలో గరిటెడు రిసోటో, చీజ్‌తో ఉడికిన మెత్తటి అన్నం.

మీసాల వెయిటరు, వయసు మళ్ళినవాడే గానీ చేయి మాత్రం మెరుపు, అయిదు కంచాల్లోనూ వడ్డించేసి పక్కకు తప్పుకున్నాడు. నాన్న కూతురి వైపు చూసి వేలెత్తాడు.

"కంచం ఖాళీ అయ్యాక మాట్లాడదాం."

"మేం ఇది అడగలేదే?" అంది అమ్మ.

యజమానురాలు నడుంమీద చేతులు పెట్టుకుని నవ్వింది. "అడగాలా వదినగారూ? మా అమ్మ నాకు నేర్పింది ఒక్కటే. అతిథి ముందు ఖాళీ కంచం కనిపించకూడదు. కంచం ఖాళీ అయిందంటే ఇంకా ఆకలి ఉందన్నట్టు. ఆకలితో ఉన్నవాళ్ళని చూస్తూ ఊరుకుంటే ఇది హోటలెలా అవుతుంది?"

అదీ ఆ హోటలు నియమం. మామూలు జనం తలో ముక్కా వదిలేసి లేచిపోతారు కాబట్టి ఇన్నేళ్ళలో దాని అంతు చూసినవాళ్ళు లేరు. ఖాళీ కంచాన్ని నింపేవాళ్ళు ఒకవైపు, నిండిన కంచాన్ని ఖాళీ చేసేవాళ్ళు ఒకవైపు. మధ్యలో నోటిదాకా వచ్చిన మాటతో చిన్నమ్మాయి.

రిసోటో అయింది. "నాన్నా..." పిజ్జా పడింది. పిజ్జా అయింది. ఈసారి "నా..." అనేలోపే పొరలుపొరలుగా లసాన్యా. వెయిటరు ఇప్పుడు బల్ల పక్కనే మాటువేసి, చివరి ముద్ద నోటిదగ్గరికి వెళ్తుండగానే గరిటె ఎత్తుతున్నాడు. మాటకీ గరిటెకీ పందెం పెడితే ప్రతిసారీ గరిటే గెలిచింది.

అమ్మ ఉపాయం పన్నింది. రెండు చేతులూ కంచం మీద అడ్డంపెట్టి "చాలు బాబూ, చాలు" అంది. ఏ ఇంట్లోనైనా చెల్లే మాట అది.

"మొహమాటపడకండి వదినగారూ!" అంది యజమానురాలు. సాసు ఆవిడ వేళ్ళమీదనుంచే జారింది. అమ్మ చేతులు అలాగే పైకెత్తి, వేళ్ళనెలా ఖాళీ చేయాలో తెలియక భర్తవైపు చూసింది. నాన్న తలూపాడు. వేళ్ళు కూడా కంచం కిందికే వస్తాయి.

అన్నయ్య బెల్టు విప్పి కుర్చీకి తగిలించాడు. "నాన్నా, బండి ఫుల్. ఇంక ఏ స్టాపులోనూ ఎక్కించుకోను."

"కంచంలో పడ్డాక నీదే," అన్నాడు నాన్న.

"పడకుండా చూసే దారి లేదా?"

"కంచం ఖాళీగా లేకపోతే వెయ్యరట. ఖాళీగా లేకపోవాలంటే వదలాలి. వదలకూడదు," అని లెక్క తేల్చి నాన్న మళ్ళీ తలవంచుకున్నాడు. ఆయన నుదుటిమీద చెమట పట్టింది. అయినా ఫోర్కు ఆగడం లేదు. ఇంకా చెప్పాలంటే, వేగం పెరిగింది. ఆ వేగం చూసి చిన్నమ్మాయికి ఆశ్చర్యం వేసింది. ఇంట్లో ఏ పూటైనా సగం కడుపుకే తినే మనిషి. ఇవాళ ఎవరో తరుముతున్నట్టు తింటున్నాడు.

నాయనమ్మ మాత్రం నిశ్చింతగా ఉంది. ఆవిడ కంచం ఎప్పటికప్పుడు అవుతోంది, పొట్ట మాత్రం పెరగడం లేదు. అనుమానం వచ్చి అన్నయ్య వంగి చూస్తే, ఆవిడ ఒళ్ళో చేతిసంచీ తెరిచి ఉంది. కళ్ళజోడు డబ్బాలో లసాన్యా, రుమాల్లో పిజ్జా.

"నాయనమ్మా!"

"అరవకురా. నేను వదల్లేదు, దాచుకున్నాను."

నాన్న తల్లి సంచీని చేతిలో ఎత్తి చూశాడు. "కిలోంపావు ఉంది. అమ్మా, ఇది తూకంలో మోసం."

"కన్నతల్లికి సీలు వేస్తావా?" అంది ఆవిడ. వేయలేకపోయాడు. సంచీలోది మళ్ళీ కంచంలోకి వచ్చింది.

* * *

ఇక లాభం లేదని చిన్నమ్మాయి చేతులు కడుక్కొస్తానని లేచి, వంటింట్లోకి దూరింది. అక్కడ కుర్రాడు మూడు పొయ్యిల మధ్య గిరగిర తిరుగుతున్నాడు. ఆమెను చూడగానే కళ్ళనిండా నీళ్ళు.

"కంచాలు ఖాళీ అవుతున్నాయే! ప్రతిసారీ ఖాళీయే! మీ నాన్నగారిది తుడిచినట్టు ఉంటోంది. నేను ఇంత బాగా వండుతానని నాకే తెలీదు!"

"ఆపరా బాబూ! మా వాళ్ళు చచ్చిపోయేలా ఉన్నారు. నువ్వు పెట్టడం ఆపితేగానీ నేను మాట ఎత్తలేను."

వెనకనుంచి యజమానురాలి గొంతు ఖంగుమంది. "కాబోయే వియ్యంకుణ్ణి ఖాళీ కంచం ముందు కూర్చోబెట్టమంటావా? రేపు నలుగురూ ఏమనుకుంటారు? ఆయన తినడం ఆపమను, నేను పెట్టడం ఆపుతాను."

"ఆయన ఆపరు అత్తయ్యా! ప్రాణం పోయినా ముక్క వదలరు."

అత్తయ్యా అన్న మాటకు ఆవిడ కరిగిపోయి ఇంకో గరిటెడు చీజ్ తురిమింది.

"పోనీ ఇవాళొక్కరోజు కాస్త మిగల్చమను," అన్నాడు కుర్రాడు. అనగానే వాడి ముఖం పాలిపోయింది. "వద్దు, వద్దు! మిగిలిస్తే నన్ను వద్దన్నట్టేగా! నువ్వేగా చెప్పావు!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తవ్వింది తనే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు పెద్దలు. వాళ్ళెవరూ ఈ బంతిలో కూర్చుని ఉండరు. చిన్నమ్మాయి గుమ్మం దగ్గర ఆగి, పోనీ నియమం తప్పి అరిచి చెప్పేద్దామా అనుకుంది. నాన్న నోటినుంచి ఆ "కాదు" వినబడితే? దాన్ని ఊడదీసేవాళ్ళు ఈ లోకంలో లేరు. రేపు పొద్దున గడియారాల షాపులో గడియారాలన్నీ ఒకేసారి గంటలు కొడతాయి, తన బతుకు అక్కడ ఆగిపోతుంది. ఆమెకు నిజంగా ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని వెళ్ళి కూర్చుంది.

ఈలోగా హాలు స్వరూపమే మారిపోయింది. తక్కిన బల్లలవాళ్ళు తమ తిండి మానేసి కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. కంచం ఖాళీ అయినప్పుడల్లా చప్పట్లు. పక్క బల్ల దగ్గరున్న పళ్ళడాక్టరు వచ్చి, నమలడంలో మధ్యమధ్య దవడ మార్చుకోమని అన్నయ్యకు ఉచితంగా సలహా ఇచ్చి వెళ్ళాడు. అన్నయ్య కుర్చీ పట్టక నేలమీదికి దిగి, గోడకు చేరగిలబడి తింటున్నాడు. అమ్మ నమలడమైతే నములుతోంది గానీ కళ్ళు మూతలు పడుతున్నాయి. మెనూలో ఉన్నవన్నీ అయిపోయి, వెయిటరు మళ్ళీ మొదటి పాస్తాతో వచ్చాడు, సినిమాలో రెండో ఆట మొదలైనట్టు.

"ఇది ఇందాక తిన్నాం," అంది అమ్మ నీరసంగా.

"ఇందాకటిది ఇందాకే అయిపోయిందండీ," అన్నాడు వెయిటరు మర్యాదగా.

నాన్న చొక్కా బొత్తాం ఒకటి తెగి కొవ్వొత్తిని తాకి ఎక్కడో పడింది. ఆయన పట్టించుకోలేదు. ఫోర్కుకు చుట్టాడు, తిన్నాడు. చుట్టాడు, తిన్నాడు. మధ్యలో తలెత్తి కూతురి ముఖం చూశాడు. ఏడ్చి తుడుచుకున్న ముఖం ఏ తండ్రికైనా తెలిసిపోతుంది. ఆమె ముందున్న కంచం చూశాడు. అక్కడ పుట్టగొడుగు లేదు. మాటువేసిన వెయిటరు గరిటెను చూశాడు. కిటికీలోంచి మెడ చాపి తన కంచాన్నే చూస్తున్న కుర్రాణ్ణి చూశాడు. అటుపక్క గోడకు అలంకారంగా ఉన్న త్రాసును కూడా ఒకసారి చూశాడు.

కంచంలో ఇంకొక్క చుట్ట ఉంది, పైన రెండు పుట్టగొడుగు ముక్కలతో.

నాన్న ఫోర్కు కింద పెట్టేశాడు.

వెయిటరు గరిటె గాల్లో ఆగింది. కంచం ఖాళీ కాలేదు కాబట్టి వడ్డించే అధికారం వాడికి లేదు. చప్పట్లకు సిద్ధమైన చేతులు అలాగే ఉండిపోయాయి. అమ్మ కళ్ళు తెరిచింది. పెళ్ళయిననాటినుంచీ ఆవిడ చూడని దృశ్యం అది. అన్నయ్య నేలమీదనుంచి మోకాళ్ళమీద లేచి, కంచంలోకి తొంగిచూసి, "నాన్నకేదో అయింది" అన్నాడు.

చిన్నమ్మాయి ఆ కంచంలోని చుట్టనే చూసింది. ముక్క మిగిలింది. అయితే అయిపోయింది.

కిటికీలో తల మాయమైంది. వంటింటి తలుపు తోసుకుని కుర్రాడు బయటికొచ్చాడు, టోపీ చేతిలో నలుపుతూ. వెనకాల వాళ్ళమ్మ.

"ఉప్పెక్కువైందాండీ?" అన్నాడు. ఆ మాట బయటికి రావడానికి వాడు పడ్డ పాట్లు చూసి పళ్ళడాక్టరు కూడా తలదించుకున్నాడు.

నాన్న వాణ్ణి కిందనుంచి పైదాకా చూశాడు. "వండింది నువ్వేనా?"

"నేనేనండీ."

"నువ్వు తిన్నావా?"

"లేదండీ. సాయంత్రంనుంచీ పొయ్యి దగ్గరే..."

"అనుకున్నాను," అన్నాడు నాన్న. అని, తన కంచాన్ని రెండు చేతులతో బల్ల అవతలికి జరిపాడు. అన్నయ్య ఖాళీ చేసిన కుర్చీ ముందుకు. "కూర్చో. మా ఇంట్లో తినని మనిషి ఉంటే వాడి వాటా తీసిపెడతాం. ఇది నీది. చల్లారిపోతుంది, తిను."

ఎవరికీ ఏమీ అర్థంకాలేదు, నాయనమ్మకు తప్ప. "అన్నయ్యగారూ అన్నప్పుడే అనుకున్నాను," అని ఆవిడ సంచీ మూసుకుంది.

చిన్నమ్మాయికి మాత్రం అర్థమవుతోంది, మెల్లమెల్లగా, కాళ్ళనుంచి పైకి పాకినట్టు. తినని మనిషి. మా ఇంట్లో. "నాన్నా, మీకెలా తెలిసింది?"

"పుట్టగొడుగులు. అందరి కంచాల్లోనూ ఉన్నాయి, నీ కంచంలో లేవు. ఒక్కసారి కూడా లేవు. నీకవి పడవన్న సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికి తెలుసు? మొదటి పాస్తాలోనే చూశాను."

"మొదటిదాంట్లోనే చూస్తే మరి ఇంతసేపూ ఎందుకు తిన్నారు నాన్నా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడాయన. "కంచం ఖాళీ అయితేగానీ నువ్వు నోరు విప్పవుగా తల్లీ. ఖాళీ చేద్దామని తింటున్నాను. ఎంత తిన్నా అవదేం!"

అదీ ఆ ఫోర్కు వేగం వెనకున్న సంగతి. తను మాట్లాడ్డం కోసం నాన్న తింటున్నాడు. నాన్న మెచ్చడం కోసం వీడు వండుతున్నాడు. హోటలు పరువు కోసం వీడి తల్లి వడ్డిస్తోంది. ఒకరికి కూడా తినాలని లేదు. చిన్నమ్మాయికి నవ్వూ ఏడుపూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఇంత పెద్ద మనిషి, గింజ వదలని మనిషి, తనకోసం కంచంలో ముక్క వదిలాడు. ఆయన్ని పట్టుకుని ఏడవాలనిపించింది గానీ, ఆ పొట్టకు చెయ్యి తగిలితే ప్రమాదమని ఊరుకుంది.

కుర్రాడు కూర్చున్నాడు. ఆ చుట్ట తిన్నాడు. పుట్టగొడుగు ముక్కలు తిన్నాడు. రొట్టెతో కంచం తుడిచాడు, నాన్న తుడిచినట్టే. నాన్న కళ్ళు ఆ తుడవడం మీదే ఉన్నాయి. తూకం సరిగ్గా నిలబడినప్పుడు ఆయన ముఖంలో కనిపించే తృప్తి కనిపించింది.

కంచం ఖాళీ అయింది. వెయిటరు చెయ్యి అలవాటుగా లేచింది.

"వద్దూ!" హాలంతా ఒక్క గొంతుతో అరిచింది.

యజమానురాలి పరిస్థితి చూడాలి. ఎదురుగా ఖాళీ కంచం, దాని ముందు సొంత కొడుకు, చుట్టూ కాబోయే వియ్యాలవారు. అమ్మ నేర్పిన నియమం ఒకవైపు లాగుతోంది. ఆవిడ ఒక్క అంగలో వచ్చి, ఆ కంచాన్నీ, మిగతా కంచాల్నీ లాక్కుని, దొంగసొత్తులా ఏప్రన్ కింద దాచేసుకుంది. "కనిపించకపోతే సరి," అంది రొప్పుతూ.

బల్లమీద గళ్ళ గుడ్డ తప్ప ఏమీ లేదు. సాయంత్రంనుంచీ అది మొదటిసారి.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు నాన్న.

అందరూ చిన్నమ్మాయివైపు చూశారు. అమ్మ చూసింది, నేలమీదనుంచి అన్నయ్య చూశాడు, కుర్రాడు చూశాడు. ఎన్ని రోజులుగానో అద్దంముందు నిలబడి కూర్చుకున్న మాటలవి. మొదట ఉద్యోగం, తరవాత కోల్డ్ రూము, చివర గడియారాలవాళ్ళు. ఆమె లేచి నిలబడింది. నోరు తెరిచింది.

త్రేన్పు వచ్చింది.

అలాంటిలాంటి త్రేన్పు కాదు. పాస్తా, రిసోటో, పిజ్జా, లసాన్యా అన్నీ వరసలో లేచి సంతకం పెట్టినట్టు, దీర్ఘంగా, గంభీరంగా వచ్చింది. కొవ్వొత్తి రెపరెపలాడింది. చిన్నమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది.

నాన్న దాన్ని చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"సరే," అన్నాడు. "గడియారాలాయనకు నేను ఇంకా మాట ఇవ్వలేదు. పొద్దున వెళ్ళి, మా అమ్మాయికి సంబంధం కుదిరిందని చెప్పొస్తాను."

అని, లేవబోయి, లేవలేక, కాబోయే అల్లుడి వైపు చెయ్యి చాచాడు.